యవల కొట్టంలో స్వరాల కొలువు

రాగులు నానబెట్టి, తడిగుడ్డలో మూటగట్టి, మొలకలు తలలెత్తగానే విప్పి ఆరబెట్టి, దోరగా వేయించి, తిరగలిలో విసిరి, ఆ పిండితో జావ కాచి పసిపిల్లలకు పోయడం మన తల్లులకు తరతరాలుగా తెలిసిన విద్య. మొలక మూలంగా గింజలోని పిండిపదార్థం చక్కెరగా మారడానికి సిద్ధమవుతుందనీ, అందుకే ఆ జావ కమ్మగా ఉండి సులువుగా అరుగుతుందనీ రసాయనశాస్త్రం చెబుతున్నది. శాస్త్రం చెప్పకముందే మన వంటిల్లు ఆ సంగతి కనిపెట్టింది. ఇలా మొలకెత్తించి ఎండబెట్టిన ధాన్యానికే ఇంగ్లీషువారు మాల్టు అని పేరు పెట్టుకొన్నారు. అంగడిలో డబ్బాల మీద ‘రాగి మాల్టు’ అన్న మాట చూసే పిల్లలలో ఎందరికి దాని అర్థం తెలుసునో! మొన్న మా తరగతిలో ఒక విద్యార్థి లేచి, “మాస్టారూ, మాల్టు అంటే ఏదైనా కంపెనీ పేరాండీ?” అని అడిగాడు. నవ్వు వచ్చిన మాట నిజమే. కాని ఆ ప్రశ్న వెంట నడిస్తే ఎంత దూరం పోవచ్చునో తలచుకొని ఈ వ్యాసానికి పూనుకొన్నాను.

మన ఇంట దోసెడు రాగులతో జరిగే పనిని ఇంగ్లండులో వేల బస్తాల యవలతో జరిపేవారు. యవలంటే బార్లీ గింజలు. అక్కడి మాల్టు పసిపిల్లల జావకు కాక, ముఖ్యంగా బీరు కాచే బట్టీలకు పోయేది. యవలను మొలకెత్తించి ఎండబెట్టడం బీరు తయారీలో మొదటి మెట్టు. ఆ పని కొరకే పెద్ద పెద్ద ఇటుక కట్టడాలు వెలిశాయి. వాటిని వారు మాల్టింగ్స్ అంటారు. మనం యవల కొట్టాలనుకొందాం. అటువంటి కొట్టాలలో ఒకటి, పల్లెటూరి నది ఒడ్డున నూరేళ్ళకు పైగా ధాన్యం ఎండబెట్టి, పని కోల్పోయి మూతపడి, మళ్ళీ రెండేళ్ళలో ప్రపంచ ప్రసిద్ధమైన సంగీత మందిరంగా తలుపులు తెరిచింది. ఆ ఊరి పేరు స్నేప్.

సారాయి సంబంధమైన కట్టడం గురించి ఉపాధ్యాయులకూ విద్యార్థులకూ చెప్పవలసినదేమున్నదని కొందరు పెద్దలు శంకించవచ్చు. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు 1990ల ఆరంభంలో సారా మీద సాగించిన పోరాటాన్ని చూసిన తరం మాది. కనుక ఆ శంకను నేను తేలికగా తీసుకోను. అయితే నేను చెప్పబోయేది పానీయపు మహిమ కాదు. పని పోయిన ఇల్లు ఏమి కావాలి, దానిని ఎవరు కాపాడాలి, ఎలా కాపాడాలి అన్నదే ఇక్కడి ప్రశ్న. ఆ ప్రశ్న కొట్టానికీ చెందుతుంది, మిల్లుకూ చెందుతుంది, చివరకు మన బడికీ చెందుతుంది.

నదీ తీరాన

ఇంగ్లండుకు తూర్పు తీరంలో సఫోక్ అనే మండలం ఉన్నది. యవలు బాగా పండే నేల. అక్కడ ఆల్డ్ అనే చిన్న నది ఒకటి విచిత్రమైన నడక నడుస్తుంది. ఆల్డ్‌బరా అనే తీరపట్టణం దగ్గర సముద్రానికి కూతవేటు దూరం దాకా వచ్చి, గులకరాళ్ళ దిబ్బ అడ్డుపడగా, దక్షిణానికి తిరిగి, సముద్రాన్ని ఒరుసుకొంటూ మైళ్ళ తరబడి ప్రవహించి గాని అందులో కలవదు. ఆ పట్టణానికి ఐదు మైళ్ళ లోపలి భాగాన, సముద్రపు పోటు వచ్చి తాకే చోట, వంతెన పక్కన స్నేప్ ఉన్నది. చుట్టూ రెల్లుదుబ్బుల చిత్తడి నేలలు, నీటిపక్షుల అరుపులు, ఆకాశం తప్ప మరేమీ అడ్డులేని విశాలమైన చూపు. మన కొల్లేటి ఒడ్డున నిలుచున్నవారికి ఆ దృశ్యం కొంత ఊహకు అందుతుంది.

1841లో న్యూసన్ గారెట్ అనే యువకుడు ఈ వంతెన దగ్గర ఉన్న ధాన్యం, బొగ్గు వ్యాపారాన్ని కొన్నాడు. ఇతడు 1812లో పుట్టినవాడు. చదువులో రాణించినవాడు కాడు గాని, వ్యాపార దక్షత పుష్కలంగా కలవాడు. తెరచాప పడవల మీద యవలను లండను బట్టీలకు పంపడం మొదట అతని పని. గింజను గింజగా అమ్మడం కంటే మాల్టుగా మార్చి అమ్మితే లాభమెక్కువ అని త్వరలోనే గ్రహించాడు. దానితో నది ఒడ్డున ఒకటి వెనుక ఒకటిగా కొట్టాలు లేచాయి. 1859లో కేవలం సరకుల కొరకే ఒక రైలు శాఖ స్నేప్ దాకా వచ్చింది. ఒక పక్క పడవ, ఒక పక్క రైలు, నడుమ ధాన్యం. పల్లెటూరు కాస్తా పనివాళ్ళ ఊరుగా మారిపోయింది.

కొట్టం రూపం

ఈ కొట్టాల ఆకారం కేవలం కంటి ఇంపు కొరకు ఏర్పడినది కాదు. ప్రతి గోడకూ ప్రతి కిటికీకీ ఒక కారణమున్నది. మొదట యవలను రెండు మూడు రోజులు నీటితొట్లలో నానబెడతారు. తరువాత విశాలమైన నేల మీద పరుస్తారు. గింజ మొలకెత్తేటప్పుడు తనంత తాను వేడెక్కుతుంది. కదపకుండా విడిచిపెడితే వేళ్ళు ఒకదానికొకటి పెనవేసుకొని చాపలాగా అల్లుకుపోతాయి. అందుచేత పనివాళ్ళు కొయ్యపారలతో రాత్రింబగళ్ళు వాటిని తిరగవేస్తూ ఉండాలి. ఆ గదులకు కప్పు తక్కువ ఎత్తున, కిటికీలు చిన్నవిగా ఉండడానికి కారణం అదే: చల్లదనం నిలవాలి, వెలుతురు మితంగా ఉండాలి.

మొలక తగినంత వచ్చిందని పెద్ద పనివాడు గింజను గోటితో నలిపి చూసి చెప్పేవాడు. అప్పుడు దానిని బట్టీలోనికి చేర్చేవారు. సన్నని రంధ్రాలున్న నేల మీద గింజలు పోసి, అడుగున నిప్పు వేస్తే, వేడిగాలి గింజల నడుమగా పైకి లేచి వాటి తడిని లాగివేస్తుంది. మొలక అక్కడితో ఆగిపోతుంది. ఆ తడిగాలి బయటికి పోవడానికి బట్టీ మీద నిటారుగా లేచిన ఎత్తైన కప్పు, కప్పు కొసన టోపీలాంటి పొగగూడు. దూరాన చిత్తడి నేలల మీదుగా చూసేవారికి స్నేప్ గుర్తుగా కనిపించేవి ఆ గూళ్ళే. వేసవిలో వేడికి మొలక అదుపు తప్పుతుంది కాబట్టి ఈ పని చలికాలపు పని. ఎండలు ముదిరేసరికి కొట్టం సద్దుమణిగేది. వ్యవసాయపు ఏడాది ఎలా తిరుగుతుందో కొట్టపు ఏడాదీ అలాగే తిరిగేది.

ఈ వివరాలు చెప్పడానికి కారణమున్నది. ఈ మందపాటి గోడలూ, ఈ ఎత్తైన కప్పూ, ఈ పొగగూళ్ళూ కథ చివరకు మళ్ళీ మనకు ఎదురవుతాయి.

యవల ఆదాయం, చదువుల ఫలం

న్యూసన్ గారెట్ తన ఆదాయాన్ని ఇటుకల మీదనే ఖర్చు చేయలేదు. కొడుకులతోపాటు కూతుళ్ళను కూడా చదివించాడు. ఎలిజబెత్, ఆమె చెల్లెలు మిలిసెంట్ ఇద్దరూ లండను దగ్గరి బ్లాక్‌హీత్‌లో వసతి పాఠశాలకు వెళ్ళారు. కవి రాబర్ట్ బ్రౌనింగ్‌కు వరుసకు మేనత్తలైనవారు నడిపిన బడి అది. చదువు ముగించుకొని వచ్చిన ఎలిజబెత్ కొంతకాలానికి, తాను వైద్యురాలిని అవుతానన్నది. ఆ కాలపు ఇంగ్లండులో ఆ మాట వినడమే వింత. తండ్రి మొదట మండిపడ్డాడు. తల్లి కన్నీరు పెట్టింది. కాని కూతురి పట్టుదల చూసిన తరువాత ఆ తండ్రి పూర్తిగా ఆమె పక్షాన నిలిచాడు. వైద్య విద్యాలయాలు తలుపులు మూశాయి. ఔషధ వైద్యుల సంఘపు నిబంధనలలో స్త్రీలు రాకూడదని ఎక్కడా లేదు. ఆ సంఘం వెనుకాడినప్పుడు కోర్టుకు ఎక్కుతానని న్యూసన్ బెదిరించాడు. 1865లో ఎలిజబెత్‌కు ఆ సంఘం అనుమతిపత్రం లభించింది. వెంటనే వారు నిబంధనలు మార్చి మరో స్త్రీ ఆ దారిన రాకుండా చేశారన్నది ఆ కథకు చేదు ముగింపు. కాని దారి ఒకసారి పడింది. 1908లో ఆమెయే ఆల్డ్‌బరా పట్టణానికి మేయరు అయింది. ఇంగ్లండులో ఒక స్త్రీ మేయరు కావడం అదే మొదలు.

చెల్లెలు మిలిసెంట్ స్త్రీల ఓటుహక్కు కొరకు దశాబ్దాల పాటు శాంతియుతంగా పోరాడిన నాయకురాలు. లండను పార్లమెంటు ఎదుటి తోటలో నిలిచిన మొదటి స్త్రీ విగ్రహం ఆమెదే, 2018లో ప్రతిష్ఠించారు. ఆమె భర్త హెన్రీ ఫాసెట్ ఇరవై ఐదవ ఏట చూపు కోల్పోయి కూడా కేంబ్రిడ్జిలో అర్థశాస్త్రాచార్యుడై, పార్లమెంటు సభ్యుడై, మన దేశపు ఆదాయవ్యయాల విషయంలో ప్రభుత్వాన్ని పదే పదే నిలదీశాడు. అందుకే ఆయనకు ‘భారతదేశపు సభ్యుడు’ అన్న పేరు వచ్చింది. వీరి కుమార్తె ఫిలిప్పా 1890లో కేంబ్రిడ్జి గణిత పరీక్షలో పురుషులలో ప్రథముడైనవాని కంటే ఎక్కువ మార్కులు తెచ్చుకొన్నది. స్త్రీలకు అప్పటికి అక్కడ పట్టా ఇచ్చే ఆచారమే లేదు! యవలను తిరగవేసిన కొయ్యపారల చప్పుడు వెనుక ఈ చదువుల చరిత్ర ఉన్నది. ఒక కట్టడం విలువ కట్టేటప్పుడు ఇటుకలు లెక్కపెట్టితే చాలదనడానికి ఇంతకంటే నిదర్శనం ఏమి కావాలి?

నిశ్శబ్దం

న్యూసన్ గారెట్ 1893లో మరణించాడు. కొట్టాలు తరువాత ఇతరుల చేతికి వెళ్ళినా పని మాత్రం సాగుతూ వచ్చింది. కాని ఇరవయ్యో శతాబ్ది నడుమకు కాలం మారిపోయింది. నేల మీద పరచి, పారతో తిరగవేసే పద్ధతి స్థానంలో యంత్రాలు వచ్చాయి. గాలినీ వేడినీ అదుపుచేసే యంత్రాలకు చలికాలం, ఎండకాలం అనే భేదం లేదు. ఇరవైమంది చేసే పనిని ఇద్దరు చూసుకోగలిగే రోజులు వచ్చాక పాత కొట్టం పోటీకి నిలువలేకపోయింది. 1960లో సరకుల రైలు ఆగిపోయింది. 1965లో కొట్టమూ మూతపడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగాలి. పాత కట్టడాల కథలు చెప్పేవారు సాధారణంగా ఈ ఘట్టాన్ని ఒక్క వాక్యంతో దాటివేసి, పునరుద్ధరణ వైభవంలోనికి పరుగెత్తుతారు. అది న్యాయం కాదు. తాత, తండ్రి, తాను ఒకే కొట్టంలో పనిచేసిన మనిషికి తలుపు మూతపడడం అంటే జీతం పోవడం మాత్రమే కాదు, గోటితో గింజను నలిపి చెప్పగలిగే విద్య రాత్రికి రాత్రి వృథా కావడం. ఆ విద్యను ఏ సంగీతమూ తిరిగి ఇవ్వలేదు. ఈ మాట మనసులో ఉంచుకొని గాని ముందుకు పోకూడదు.

మూతపడిన ఆవరణను అదే ఏడు జార్జ్ గుడర్‌హామ్ అనే స్థానిక వ్యాపారి కొన్నాడు. కొన్నవాడు కూలగొట్టి ఇటుకలు అమ్ముకోవచ్చు. ఎన్నో చోట్ల అదే జరిగింది. ఇతడు అలా చేయలేదు. కొన్ని భాగాలను తన వ్యాపారానికి వాడుకొంటూ, మిగిలినవి ఎవరికి పనికివస్తాయా అని చూశాడు. సరిగా ఆ సమయానికి పొరుగున ఒక సంగీత విద్వాంసుడు ఇల్లు చాలక ఇబ్బంది పడుతున్నాడు.

స్వరకర్త రాక

బెంజమిన్ బ్రిటెన్ 1913లో సఫోక్ తీరంలోనే లోయస్టాఫ్ట్ అనే రేవులో పుట్టాడు. తండ్రి దంతవైద్యుడు. ఇరవై నాలుగేళ్ళ వయసులో స్నేప్‌లోనే ఒక పాత గాలిమరను కొని, దానిని నివాసంగా మార్పించుకొని, 1938లో కాపురం పెట్టాడు. అంటే పని పోయిన కట్టడంలో కొత్త జీవితం గడపడం ఎలా ఉంటుందో ఆయనకు ముందే అనుభవమన్నమాట. 1939లో అమెరికా వెళ్ళాడు. అక్కడ ఉండగా, ఆల్డ్‌బరాలో పుట్టిన పద్దెనిమిదవ శతాబ్దపు కవి జార్జ్ క్రాబ్ గురించి ఇ. ఎం. ఫార్‌స్టర్ వ్రాసిన వ్యాసమొకటి కంటబడింది. అది చదివి తన మట్టి ఎక్కడిదో గుర్తించి, 1942లో స్వదేశానికి తిరిగివచ్చాడు. ఒక సాహిత్య వ్యాసం ఒక స్వరకర్తను ఇంటికి పిలుచుకొని వచ్చింది. మనబోటి వ్యాసకర్తలకు ఇది కొంత ధైర్యమిచ్చే సంగతి!

క్రాబ్ కావ్యంలోని ఒక జాలరి కథను తీసుకొని బ్రిటెన్ ‘పీటర్ గ్రైమ్స్’ అనే సంగీత రూపకం రచించాడు. అది 1945 జూన్ 7న లండనులో ప్రదర్శితమై ఆయనకు గొప్ప కీర్తి తెచ్చింది. రాజధానిలోనే స్థిరపడవలసిన కీర్తి అది. కాని ఆయన, గాయకుడు పీటర్ పియర్స్, రచయిత ఎరిక్ క్రోజియర్ కలిసి 1948లో ఆల్డ్‌బరాలోనే ఏటేటా జరిగే సంగీతోత్సవం ప్రారంభించారు. పట్టణపు జూబిలీ హాలులో మూడు వందలమందికి మించి పట్టరు. చుట్టుపక్కల చర్చీలలో కూడా కచేరీలు జరిపేవారు. ఉత్సవం పెరిగినకొద్దీ చోటు చాలలేదు. కొత్త భవనం కట్టాలా అన్న ఆలోచన నడుస్తుండగా స్నేప్ కొట్టాలు ఖాళీ అయ్యాయి.

ఈ బృందానికి మన దేశంతో కూడా కొంత సంబంధమున్నది. 1955–56 శీతాకాలంలో బ్రిటెన్, పియర్స్ భారతదేశానికి వచ్చినప్పుడు ఢిల్లీలో రవిశంకర్ సితారు విని ముగ్ధులయ్యారు. బ్రిటెన్‌కు సహాయకురాలై, తరువాత ఉత్సవ సారథులలో ఒకరైన ఇమోజెన్ హోల్స్ట్ అంతకుముందే, 1950–51లో, శాంతినికేతనంలో కొన్ని వారాలుండి మన సంగీతం నేర్చుకొని వెళ్ళిన విదుషి. చెట్టు నీడన పాఠం చెప్పిన రవీంద్రుని బడిని చూసివచ్చినవారికి, విద్యకు పాలరాతి మంటపాలు అవసరం లేదని వేరే చెప్పనక్కరలేదు గదా!

ఇటుకల మాట

కొట్టాలలోకెల్ల పెద్దదానిని మందిరంగా మార్చే బాధ్యత ఓవ్ ఆరప్ ఇంజనీరింగు సంస్థకు అప్పగించారు. పని నడిపినవాడు డెరెక్ సగ్డెన్. ఇతని గొప్పతనం ఏమిటంటే, కట్టడం మీద తన ఊహను రుద్దక, కట్టడం ఏమి చెబుతున్నదో ముందు విన్నాడు. లోపలి అడ్డుగోడలు తొలగించి విశాలమైన ఒకే గది చేశాడు. ఎర్ర ఇటుక గోడలకు సున్నం, రంగు పూయక, అందమైన తెరలు కట్టక, ఉన్నవి ఉన్నట్టుగానే నిలిపి కొద్దిగా ఎత్తు పెంచాడు. పైన కొయ్యదూలాలతో కొత్త కప్పు వేయించాడు. ఆ కప్పు మీద పాత బట్టీల పొగగూళ్ళను పోలిన నాలుగు గూళ్ళు నిలిపాడు. ఒకనాడు యవల తడిగాలిని బయటికి పంపిన ఆ రూపాలు ఇప్పుడు శ్రోతల ఊపిరి వేడిని బయటికి పంపుతున్నాయి. చూసేవారికి దూరం నుంచి ఊరి గుర్తు చెదరలేదు; లోపల కూర్చున్నవారికి గాలి ఆడుతున్నది.

ఇక నాదం సంగతి. పలుచని గోడలు, పలకల కప్పులు మంద్రస్వరాలను మింగివేస్తాయి. బరువైన గోడ ధ్వనిని మింగదు, తిరిగి ఇస్తుంది. ఎత్తైన కప్పు ఆ ధ్వని కొంతసేపు నిలిచి పరిపక్వం కావడానికి చోటు ఇస్తుంది. నూతిలోనికి తొంగిచూసి పిలిచిన పిల్లవానికీ, రాతి మంటపంలో పద్యం చదివిన పండితునికీ ఈ రహస్యం కొంత తెలుసు. ధాన్యపు బరువు మోయడానికీ, బట్టీ వేడిని తట్టుకోవడానికీ కట్టిన గోడలు స్వరాన్ని మోయడానికి కూడా సరిపోయాయి. కట్టినవారు దీనిని ఊహించలేదు. కాని దిట్టంగా కట్టారు. దిట్టంగా చేసిన పని తాను ఊహించని ప్రయోజనానికి కూడా నిలుస్తుందన్నది ఇక్కడి నీతి.

ఎనిమిది వందలమందికి పైగా కూర్చోగల ఆ మందిరాన్ని 1967 జూన్ 2న రెండవ ఎలిజబెత్ రాణి ప్రారంభించింది. ఆ సందర్భానికి బ్రిటెన్ బైబిలులోని 127వ కీర్తన ఆధారంగా ఒక ప్రత్యేక రచన చేశాడు. దాని పేరును తెలుగులో ‘గృహ నిర్మాణం’ అనవచ్చు. కుర్చీలకు ఖరీదైన మెత్తలు లేవు. పేము అల్లిక మాత్రమే. మెత్తలు సైతం నాదాన్ని మింగుతాయి మరి.

ఒక రాత్రి నిప్పు

రెండేళ్ళు గడిచాయి. 1969 జూన్ 7. ఉత్సవంలో మొదటి రాత్రి. కచేరీ ముగిసి శ్రోతలు ఇళ్ళకు వెళ్ళిపోయారు. ఆ తరువాత మందిరంలో నిప్పు అంటుకొన్నది. కొత్త కొయ్యకప్పు అంతా కాలి కూలింది. బ్రిటెన్ పియానో లోపలే బూడిదయింది. తెల్లవారేసరికి మిగిలినవి నల్లబడిన ఇటుక గోడలు మాత్రమే. ‘పీటర్ గ్రైమ్స్’ తొలి ప్రదర్శన జరిగిన రోజుకు సరిగా ఇరవై నాలుగేళ్ళు నిండిన రాత్రి అది.

అక్కడితో ఉత్సవం ఆగిపోతే ఎవరూ తప్పుపట్టేవారు కారు. కాని ఆగలేదు. మందిరంలో జరగవలసిన మొజార్ట్ రూపకం ‘ఇడొమెనియో’ను కొద్ది రోజులకే బ్లైత్‌బరాలోని మధ్యయుగపు చర్చిలో ప్రదర్శించారు. మిగిలిన కచేరీలకు చర్చీలు, పాత హాళ్ళు ఆశ్రయమిచ్చాయి. అదే సమయంలో కాలిన గోడల పరీక్ష మొదలయింది. బట్టీ నిప్పులకు అలవాటుపడిన గోడలు ఈ నిప్పుకు కూడా నిలిచాయి. మళ్ళీ అదే నమూనాలో కప్పు లేచింది. నలభై రెండు వారాలలో పని పూర్తయింది. 1970 జూన్ 5న రాణి మళ్ళీ వచ్చి, మూడేళ్ళలో రెండవసారి అదే మందిరాన్ని ప్రారంభించింది.

మొదటి ప్రారంభం కంటే ఈ రెండవ ప్రారంభమే నాకు గొప్పదిగా తోస్తుంది. మొదటిసారి ఆ కట్టడాన్ని నిలబెట్టడానికి కారణం అది సిద్ధంగా దొరకడమే. రెండవసారి నిలబెట్టడానికి కారణం అది తమది అయిపోవడం. కాలిపోయినదానిని విడిచి మరెక్కడైనా కొత్త హాలు కట్టుకొనే వీలున్నా, ఆ గోడల మధ్యనే కట్టాలని ఎవరికీ సందేహం కలగలేదంటే, అప్పటికే ఆ కొట్టం వారసత్వంగా మారిందన్నమాట.

తరువాతి తరం

బ్రిటెన్ 1976లో, పియర్స్ 1986లో కన్నుమూశారు. ఇద్దరికీ ఉన్న చివరి కోరిక యువ సంగీతజ్ఞులకు ఉన్నత శిక్షణ ఇచ్చే పాఠశాల. దాని భవనం కూడా కొత్తగా కట్టలేదు. మందిరం పక్కనున్న మరో కొట్టాన్నే మార్చి 1979లో తెరిచారు. మొలకలకు కాపలా కాచిన నేల మీద ఇప్పుడు విద్యార్థులు స్వరసాధన చేస్తున్నారు. ఉపాధ్యాయ వృత్తిలో ఉన్నవారికి ఈ పోలిక వివరించనక్కరలేదు. మొలకను తొందరపెట్టకూడదు, విడిచిపెట్టకూడదు. వేళకు తిరగవేస్తూ ఉండాలి.

2009లో మరికొన్ని కొట్టాలను చిన్న మందిరాలుగా మార్చారు. ఆవరణలో ఒక పాడుబడిన పావురాల గూడు ఉండేది. కప్పు కూలి, గోడలు సగం పడిపోయి, మొక్కలు మొలిచిన శిథిలం. దానిని కూల్చలేదు; కొత్త ఇటుకలతో నునుపుగా నింపనూ లేదు. తుప్పురంగు ఉక్కుతో చిన్న గది ఒకటి వేరుగా తయారుచేసి, క్రేనుతో ఎత్తి ఆ శిథిలపు గోడల నడుమ దించారు. ఇటుక ఎరుపు, ఉక్కు తుప్పు రెండూ ఒకే రంగుగా కలిసిపోయినా, పాతది ఏదో కొత్తది ఏదో చూడగానే తెలుస్తుంది. పాతదానిని గౌరవించడానికి ఇది ఒక నిజాయితీ గల పద్ధతి. 2015లో సంగీత సంస్థ ఆవరణ మొత్తాన్ని కొనుగోలు చేసింది. అంగళ్ళు, భోజనశాలలు కూడా అక్కడ వెలిశాయి. వాటి రాబడి లేనిదే అంతటి ఆవరణ నిలవదన్నది కాదనలేని వాస్తవం.

కొట్టం పిలుపు

ఈ కథ నుంచి తేలేదేమిటి? పాతది కాబట్టి ప్రతి గోడనూ కాపాడాలని కాదు. తాళం వేసి, పక్కన ఒక ఫలకం నిలిపితే కట్టడం బ్రతకదు, మెల్లగా చస్తుంది. పూర్తిగా రూపుమాపి పేరు మాత్రం మిగిల్చినా బ్రతకదు. తన రూపానికి ఒదిగే కొత్త పని దొరికినప్పుడే బ్రతుకుతుంది. స్నేప్‌లో ఆ పని దొరకడానికి ముగ్గురు కారకులు: కూల్చక ఓపిక పట్టిన యజమాని, దగ్గరలోనే ఉండి అవసరం తెలిసిన కళాకారుడు, గోడల మాట విన్న ఇంజనీరు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరు లేకపోయినా ఈనాడు అక్కడ రెల్లుదుబ్బులు మాత్రమే ఉండేవి.

మరొకటి కూడా ఉన్నది. అక్కడి శ్రోత కచేరీ వింటూ తలయెత్తి కప్పు చూసినప్పుడు, ఇది ఒకప్పుడు శ్రమస్థానమని తెలుస్తుంది. శ్రమను దాచిపెట్టి కళను నిలిపితే అది అపచారం. పారపట్టిన చేతులను మరువకుండా వీణ పట్టిన చేతులకు చోటివ్వడమే సరైన వారసత్వం. పని పోయినవారికి ఇంతమాత్రం చాలునా అంటే, చాలదు. కాని మరుపు కంటే ఇది మేలు.

ఆ ప్రశ్న అడిగిన విద్యార్థికి మరునాడు మాల్టు అర్థం చెప్పాను. యవల కథా చెప్పాను. అంతా విని, “మన ఊళ్ళో మూతపడిన బియ్యం మిల్లు గోడలు కూడా లావుగానే ఉంటాయండీ” అన్నాడు. నేను జవాబు చెప్పలేదు. చెప్పవలసిన అవసరం కనిపించలేదు. మన ఊళ్ళలో మూతపడిన మిల్లులున్నాయి, గిడ్డంగులున్నాయి, పాత రైలు సత్రాలున్నాయి. ఉపాధ్యాయ మిత్రులు ఒక సాయంకాలం తమ విద్యార్థులను వాటి దగ్గరకు తీసుకొనిపోయి, ఈ కిటికీ ఇంత చిన్నదెందుకు, ఈ కప్పు ఇంత ఎత్తెందుకు, ఇక్కడ ఎవరు పనిచేశారు అని అడిగించవలసినదిగా నా మనవి. జవాబు చెప్పగల వృద్ధులు ఊళ్ళో ఇంకా ఉండగానే ఆ పని జరగాలి. గోడలు కొంతకాలం ఆగుతాయి. మనుషులు ఆగరు.